బస్సులో చెప్పే సారు

యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే జగదీశ్, క్లాసులో అడుగు పెట్టగానే ఇంగ్లిషులోకి దిగిపోతాడు. ఎవరికీ ముక్క అర్థం కాదు. అది పాఠం గొప్పతనమని అతని నమ్మకం. సాయంత్రం సూర్యాపేట బస్సులో మాత్రం, ఒక చేత్తో పైరాడ్డు, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, అడిగిన పిల్లలకు అదే పాఠం మళ్లీ చెప్తాడు. “ఉత్ప్రేరకమంటే పెండ్లిళ్ల పేరయ్య అనుకోర్రి. ఇద్దర్ని కలుపుతడు, తనేమో వచ్చినోడు వచ్చినట్టే పోతడు.” కండక్టరు కూడా టికెట్లు ఆపి నవ్వుతాడు.

ఈ ఏడాది పిల్లలంతా ఓట్లేసి అతన్ని ఉత్తమ టీచింగ్ అసిస్టెంటును చేశారు. శాలువా కప్పడమే ఆలస్యం, జగదీశ్ మైకు లాక్కుని బోధన మీద ఇంగ్లిషులో దంచేశాడు. చప్పట్లకు ఛాతీ రెండింతలైంది. ఆ శాలువాతోనే బస్సెక్కి, తన స్టూడెంటు జ్యోతి కనిపిస్తే ఆగలేక అడిగాడు.

“నా క్లాసు అంత నచ్చిందా?”

“క్లాసుల మాకేం సమజ్ గాదు సార్. బస్సుల మంచిగ చెప్తరు, గందుకే ఏసినం. స్టేజీ మీద ఏం చెప్పిన్రో జర ఇప్పుడు చెప్పుర్రి.”

జగదీశ్ రాడ్డు పట్టుకుని, గొంతు సవరించుకుని, తెలుగులో మొదలుపెట్టబోయి ఆగాడు. తర్వాత అందరికంటే ముందు తనే నవ్వాడు.

“ఏం లేదమ్మా. గాడ నేనేం చెప్పలే.”