యాదమ్మ జరిపిన గుమ్మడికాయ

మే నెల మధ్యాహ్నం, ఎండలో ఆపిన కారులో అద్దాలన్నీ ఎత్తేసి మీ బిడ్డను కూర్చోబెడతారా? పెట్టరు. మరి పెరట్లో నారుమొక్కల చుట్టూ ప్లాస్టిక్ బిగించి, గాలి చొరకుండా మూసి, దానికి గ్రీన్‌హౌస్ అని పేరెందుకు పెడతారు? ఇలా అడిగే అర్హత నాకుంది. ఆ తప్పు నేనే, ప్రభుత్వ అధికారి హోదాలో, ఒకరిచేత చేయించాను.

కరోనా సద్దుమణిగాక రెండో వేసవిలో నన్ను సికింద్రాబాద్ వైపు ఉద్యానాధికారిగా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. కూరగాయలు, పండ్లతోటల సాగు చూడవలసిన క్షేత్రస్థాయి ఉద్యోగం అది. నగరంలో పొలాలు తగ్గిపోవడంతో పెరళ్ళూ మిద్దెలూ నా పరిధిలోకి వచ్చాయి.

యాప్రాల్‌లో యాదమ్మ పెరట్లో మిరప, వంగ, టమాటా నారు పోసి చుట్టుపక్కల కాలనీలకు అమ్మేది. మృగశిర కార్తెకు అందరూ నారు అడుగుతారు. దానికోసం మే మొదట్లోనే, మండే ఎండల్లో విత్తాలి. అప్పటికి వరుసగా రెండు వేసవులు ఆమె నారు మాడిపోయింది. “ఈపారి సుత పోతే బేగంపేటల ఆఫీసులు ఊడ్వనీకి పోవుడే సారూ. గా ఏసీల నాకు ఊపిరాడదు,” అంది.

తక్కువ ఖర్చులో గ్రీన్‌హౌస్ కట్టుకోమన్నాను. నేలలో ఇనుప ఊచలు పాతి, వాటికి ప్లాస్టిక్ నీళ్ళ పైపులను విల్లులా వంచి తొడిగాం. నడినెత్తిన పొడవునా ఒక వెదురు బొంగు కట్టాం. పైన ఎండకు పాడవని పాలిథిన్ షీటు పరిచాం. రెండు చివరలా తలుపులకు బదులు పాలిథిన్ తెరలు వేలాడదీశాం. అంచులన్నీ మట్టితో మూయమని నేనే చెప్పాను. నా చేతిలోని శిక్షణ పుస్తకంలో బొమ్మ అలాగే ఉంది.

మొలకెత్తిన నారు తట్టలను లోపల పేర్చిన మూడో రోజు నేను వెళ్ళేసరికి సగం తట్టలు వాడిపోయి ఉన్నాయి. “పొద్దుగాల పచ్చగుండె. పగటీలికి ఉడకబెట్టిన పాలకూర లెక్క అయింది,” అంది యాదమ్మ. పక్కింట్లో ఉండే సావిత్రమ్మది విజయనగరం. గోడ మీంచి చూసి, “ఏటి యాదమ్మా, నారు పెంచుతున్నావా, ఇడ్లీలేస్తున్నావా?” అని నవ్విందట. ఆ నవ్వుతోనే దిష్టి తగిలిందని యాదమ్మ తేల్చేసింది. రోజూ నీళ్ళు పట్టడానికి సాయం వచ్చే సావిత్రమ్మను ఇక రావద్దంది. పడమటి చివర, నెత్తిన ఉన్న బొంగుకు బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది.

రెండు రోజుల తర్వాత వెళ్ళి ఆ కాయను చూస్తే నాకు ఒళ్ళు మండింది. మొక్క వాడితే కారణం వెతకాలి గాని పక్కింటి ఆడమనిషి కళ్ళమీద నేరం మోపడమేమిటని గట్టిగానే వాదించాను. ఆ వాదన ఆమె ఒక్క మాటతో ఆపేసింది. “మీరే సూడుండ్రి. కాయ కింద మొక్కలు బతికినయి. మిగిలినయి పోయినయి.”

చూశాను. నిజమే. అయినా కాయ తీసెయ్యమన్నాను. తీస్తే ఉన్నవి కూడా పోతే ఎవరు తెచ్చిస్తారంది. కాయకేసీ నాకేసీ చూసి, “తియ్య. జరుపుత,” అంది.

ఆ రెండు మాటల్లో ఎంత శాస్త్రముందో ఆమెకు తెలియదు. నాకూ వెంటనే తట్టలేదు. బతికిన తట్టలు ఆరు. మూడు ఉన్నచోటే ఉంచి, మూడింటిని తూర్పు చివరకు మార్చి, కాయను వాటి నెత్తిన కట్టింది. రెండో రోజు మధ్యాహ్నానికి కాయ కింద ఉన్న మూడూ తలలు వేలాడేశాయి. కాయలేని మూడూ నిటారుగా నిలబడ్డాయి.

యాదమ్మ పడమటి చివరన నిలబడి పైకి చూసింది. మొదటిసారి కాయ కట్టినప్పుడు, బొంగు చుట్టూ తాడు తిప్పడానికి కొడవలితో పాలిథిన్ కోసింది. గాలికి ఆ కోత మూరెడు దాకా చిరిగింది. తూర్పున అప్పటికే ఒక కొక్కెం ఉండడంతో కోసే పని పడలేదు. నేను ఆమె దేవుడి గూట్లోంచి అగరుబత్తి తెచ్చి, వెలిగించి చిరుగు కింద పట్టుకున్నాను. పొగ దారంలా లేచి, వంకర తిరిగి, ఎవరో పిలిచినట్టు ఆ చిరుగు వెతుక్కుంటూ బయటికి జారిపోయింది. ఆ వెంటనే, మేం లోపలికి రావడానికి మట్టి తీసిన తెర అంచు కింద లోపలికి ఉబ్బి, చల్లగాలి మా కాళ్ళకు తగిలింది. వేడిగాలి తేలికై పైకి పోతుందని చిన్న తరగతిలో చదివినవాణ్ణే. ఇప్పుడు అది కళ్ళముందే నడిచి వెళ్తోంది. ఒక మోటారు లేదు, ఒక మంత్రం లేదు. మూరెడు సందు చాలు, గాలి తన పని తాను చేసుకుపోతోంది.

“అయితే దిష్టి సావిత్రక్కది కాదు, మీ పుస్తకానిది,” అంది యాదమ్మ. ఆఫీసుకు వెళ్ళి పుస్తకం తిరగేస్తే, ఆ నమూనా చలి ప్రాంతాలదని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. నేను ఆ పేజీ చదవలేదు. ఆమె కాయను నమ్మినట్టే నేను బొమ్మను నమ్మాను.

నడినెత్తిన పొడవునా కోసి, అక్కడ వలగుడ్డ కుట్టాం. మట్టి తీసేసి పక్కల జానెడు ఎత్తున సందు వదిలాం. పైన పచ్చ నీడవల కప్పాం. యాదమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, “అక్కా, జెర రా. నిన్నన్నందుకు నా నోరు పడిపోను. మల్ల విత్తనాలు ఏస్తున్న,” అని పిలిచింది. ఆ ఏడు మృగశిరకు కాస్త ఆలస్యంగానైనా నారు అందించింది. బేగంపేట పనికి పోలేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. నమ్మకం గుళ్ళోంచి వచ్చినా, ప్రభుత్వ ముద్రతో వచ్చినా, జరిపి చూడనంతవరకూ అది నమ్మకమే. కాబట్టి ఈ వేసవిలో పాలిథిన్ కప్పేముందు నెత్తిన సందు వదలండి. ఏ అధికారి అయినా ఇలాగే కట్టాలంటే ఎందుకని అడగండి. జవాబు రాకపోతే మూడు తట్టలు ఇటు, మూడు తట్టలు అటు పెట్టి మీరే తేల్చండి. అది తేలేదాకా పక్కింటివాళ్ళను ఒక్క మాట అనకండి.