పేరు లేని ఐదు రూపాయల బిళ్ల

2016లో వికారాబాద్ శాఖ నుంచి తాండూరు శాఖకు ఫీల్డ్ ఆఫీసర్‌గా బదిలీ అయ్యాను. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ అంటే సగం రోజులు ఊళ్లలోనే గడుస్తాయి. పంటలు చూసి రావడం, రుణంతో కొన్న గొర్రెల చెవులకు బీమా వాళ్లు వేసిన ట్యాగుల నంబర్లు సరిచూడటం మా పని. వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి.

నాకు స్మారక నాణేలు సేకరించే అలవాటుంది. యుద్ధాల జ్ఞాపకార్థం వేసినవంటే మరీ ఇష్టం. 1965 యుద్ధానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రభుత్వం ఐదు రూపాయల నాణెం విడుదల చేసింది. దానిమీద అమర జవాన్ స్మారకం ఉంటుంది. నాకు దొరికినవన్నీ నలుగురి చేతుల్లో నలిగినవే. ఒకరోజు మా క్యాషియర్ కొత్త సంచి విప్పుతూ నన్ను పిలిచాడు. మిగతావి మామూలు నాణేలే, వాటి మధ్య చెలామణిలోకి వెళ్లని, టంకశాల మెరుపు తగ్గని ఆ స్మారక నాణెం ఒక్కటే ఉంది. ఐదు రూపాయలిచ్చి తీసుకుని, అంచులు మాత్రమే పట్టుకుని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాను. సేకరణలో మొదటి నియమం, నాణేన్ని తోమకూడదు. తోమితే విలువ పోతుంది.

ఆ మధ్యాహ్నమే బషీరాబాద్ దగ్గరి ఊరి నుంచి బీరమ్మ అనే గొర్రెల కాపరి రుణం పనిమీద వచ్చింది. అరవై దాటిన మనిషి. బల్ల మీది డబ్బీ చూసి అదేమిటని అడిగింది. చెప్పాను. డబ్బీని దగ్గరికి జరుపుకుని చూసింది. తర్వాత, తన అన్న మల్లయ్య ఆ యుద్ధంలోనే పంజాబు వైపు చనిపోయాడని చెప్పింది. తనప్పుడు చిన్నపిల్లట. కబురు వచ్చింది గానీ మనిషి రాలేదట. ఇంట్లో ఫొటో కూడా లేదట.

"గీ బిల్ల మీద మా అన్న పేరున్నదా సారూ?"

లేదన్నాను. మరెవరి పేరుందని అడిగింది. ఎవరి పేరూ లేదని చెప్పాల్సి వచ్చింది.

"ఎవ్వల పేరు లేకుంటె అందరిదైతది గద. మా అన్నది గూడ."

ఇమ్మని అడగలేదు. డబ్బీని నా వైపు జరిపి లేచింది. గుమ్మం దాటేలోపు పిలిచి ఇచ్చేశాను. ఇస్తూ కూడా, మూత తీయొద్దు, నీళ్లు తగలనివ్వొద్దు అని జాగ్రత్తలు చెప్పాను. ఆ సాయంత్రం రైల్లో మాత్రం ప్రాణం ఉసూరుమంది.

గొర్రెలు కొన్నాక తనిఖీకి వాళ్ల ఊరు వెళ్లాను. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అమావాస్య అప్పుడే దాటింది. ట్యాగులు సరిచూశాక బీరమ్మ లోపలికి రమ్మంది. దేవుని గూట్లో చిన్న పీట మీద నా నాణెం. డబ్బీ లేదు. చింతపండుతో తళతళలాడేలా తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. ఇక దాని విలువ పోయినట్టే అనుకున్నాను. అది ముఖంలో కనబడ్డట్టుంది.

"కోపం జెయ్యకు సారూ. ఇన్నేండ్ల సంది పెత్రమాసకు మా అన్నకు బువ్వ వెడుదమంటె ముందట ఏం వెట్టుకోవాల్నో తెల్వకుండె. మా అమ్మ గదే రంధితోని పోయింది."

కోపం లేదన్నాను. ఆ మాట అనేసరికి నిజంగానే లేదు. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని, బస్సెక్కి తాండూరు చేరాను.

అంత మెరుపున్నది నాకు మళ్లీ దొరకలేదు. నాణేలను తోమకూడదన్న నియమం సరైనదే, కొత్తగా సేకరించేవాళ్లకు ఇప్పటికీ అదే చెబుతాను. అయితే యుద్ధ స్మారక నాణెం సంగతి వచ్చినప్పుడు ఇంకో మాట కలుపుతాను. ఎవరి జ్ఞాపకార్థం వేశారో ఆ ఇంటివాళ్లు ఎదురైతే, తోముతారా దాస్తారా అని ఆలోచించకుండా వాళ్ల చేతిలో పెట్టేయాలి.