వెనక బాత్రూమ్ వాల్వు

ఆ ఇంట్లో ఎక్కడ నీళ్ళు కారినా ముందు పెద్దకోడల్నే పిలిచేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటి కుళాయి కారుతుంటే ప్లంబరు రేపు, మాపు అని తిప్పించుకున్నాడు. విసిగిపోయి ఆవిడే వాషరు మార్చేసింది. అప్పట్నుంచీ వాషర్లు, టేపు, స్పానరు ఉన్న పాత బిస్కెట్ల డబ్బా ఆవిడ సొంతం. "మా పెద్దమ్మాయి చెయ్యి పడితే ఎంత వాగుడుకాయ కుళాయైనా నోరు మూసుకోవాల్సిందే" అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పేవారు. ఆవిడ విననట్టే తిరిగేది గానీ, చెవులు మాత్రం ఆ మాట దగ్గరే ఉండేవి.

మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. ఒకరోజు సింకులో నీళ్ళు నిలిచిపోతే, ఆ పిల్ల ఫోన్లో వీడియో చూసి, కింద బకెట్టు పెట్టి, వంపు గొట్టం విప్పి, జిడ్డుముద్ద బయటికి లాగింది. మళ్ళీ బిగించి, పొడిగుడ్డతో తుడిచి, చుక్క కారడం లేదని చూపించింది.

"చూశావా పెద్దమ్మాయ్, నువ్వయితే పుల్లెట్టి పొడుస్తూ కూర్చునేదానివి" అన్నారు అత్తగారు నవ్వుతూ.

పెద్దకోడలూ నవ్వింది. కడుపులో మాత్రం భగ్గుమంది. ఆ పూట కూరలో వేసిన ఉప్పే మళ్ళీ వేసింది.

వారం తిరక్కుండా వెనక బాత్రూమ్ కుళాయి కారడం మొదలుపెట్టింది. ఆవిడ డబ్బా అందుకునేలోపే అత్తగారి కేక వినిపించింది. "చిన్నమ్మాయ్, ఒకసారి ఆ కుళాయి సంగతి చూడవే."

డబ్బా మూత మీద ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అక్కా, స్పానరిస్తావా?" అంటూ వచ్చింది చిన్నకోడలు. ఇచ్చింది. ఆ పిల్ల మెట్ల కింద వాల్వు కట్టేసి, వంటింటి కుళాయి తిప్పి చూసింది. నీళ్ళు రాలేదు. ఇల్లంతటికీ ఆగిపోయాయనుకుంది.

ఆగలేదని పెద్దకోడలికి తెలుసు. వెనక బాత్రూమ్ తర్వాతెప్పుడో కట్టింది. దాని గొట్టం వేరు, వాల్వు డాబా మీద ట్యాంకు వెనకాల ఉంది. దగ్గరుండి పెట్టించింది ఆవిడే. ఒక్క మాట చెప్తే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

కుళాయి తల ఊడగానే నీళ్ళు ఎగజిమ్మి చిన్నకోడలి ముఖాన కొట్టాయి. పెద్దకోడలి కడుపు చల్లబడింది, ఒక్క క్షణం. ఆ పిల్ల రెండు అరచేతులూ అడ్డంపెట్టి, "అక్కా, అక్కా" అంది. అత్తగార్ని పిలవలేదు, మొగుణ్ణీ పిలవలేదు.

పెద్దకోడలు డాబా మెట్లు నెమ్మదిగానే ఎక్కడం మొదలుపెట్టింది. సగంలో ఎందుకో పరుగందుకుంది.

వాల్వు కట్టి దిగి వచ్చేసరికి ఆ పిల్ల జుట్టు పిండుకుంటోంది.

"దీనికి వేరే వాల్వు ఉందా అక్కా?"

"ఉంది."

"తెలిసీ చెప్పలేదా?"

"నువ్వు అడగలేదుగా."

చిన్నకోడలు అరిగిన వాషరు పీకి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇలాంటిది మన డబ్బాలో ఉందేమో చూడు."

మన డబ్బా అట. ఒళ్ళు మండింది. అయినా వెతికి, సరిపోయేదే ఇచ్చింది.

అత్తగారు వచ్చి, తడిసిన గోడల్నీ కోడళ్ళనీ మార్చి మార్చి చూశారు. "ఇకమీదట ఇద్దరూ కలిసే చేయండి తల్లీ."

చిన్నకోడలు తలూపింది. పెద్దకోడలు డబ్బా మూత బిగించి చంకన పెట్టుకుంది.

"అలాగే చేద్దాం" అంది. "స్పానరు మాత్రం నా దగ్గరే ఉంటుంది."