సూడిగొర్రెకు దొరకని దారి

నల్లగొండలో మా గల్లీ ఎంత సన్నదంటే, రెండు కార్లు ఎదురైతే ఒకటి మిద్దె ఎక్కాలి. ఇండ్లు కట్టినప్పుడు అందరి ప్లాన్లలోనూ కింద పార్కింగు ఉంది. ఆ జాగాకు షట్టర్లు బిగించి కిరాయికిచ్చాం. నా షట్టర్లో ఇస్త్రీ దుకాణం నడుస్తుంది. నా కారు వీధిలో ఎండుతుంది.

గల్లీ చివర గొర్ల దొడ్డి. మా ఇండ్లకంటే ముందునుంచీ ఉంది. దాని యజమానిని నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు. సాయంత్రం మంద కార్ల సందుల్లోంచి ఒకదాని వెనుక ఒకటిగా వచ్చేది. నా కారు అద్దంలో ముఖం చూసుకోనిదే కదలని పొట్టేలొకటి ఉండేది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఒకసారి గల్లీ అంతా కూర్చుని, కార్లు ఒక్కవైపే పెట్టాలని ఒప్పుకున్నాం. ఏ వైపంటే, ప్రతివాడూ ఎదుటివైపు చూపించాడు. చాయ్ తాగి లేచాం.

ఒక మధ్యాహ్నం మామ ఉరుక్కుంటూ వచ్చాడు.

"అల్లుడా, సూడిగొర్రె ఈనలేక కొట్టుకుంటాంది. పిల్ల అడ్డం తిరిగింది. పశువుల దవాఖానకు తీస్కపోవాలె. ట్రాలీ ఆటో లోపలికి వస్తలేదు. నీ బండి అడ్డముంది, జర తియ్యి!"

తాళంచెవి పట్టుకుని పరుగెత్తాను. నా కారు ముందొక కారు, వెనుకొక కారు. ముందుదాని ఓనరు హైదరాబాదు పోయాడట. వెనుకాయన ఫోనెత్తడు. జానెడు ముందుకు పోనిచ్చాను, జానెడు వెనక్కి.

"గదేంది సారూ, బండిని ఉయ్యాల ఊపుతున్నవ్?" అంది ఇస్త్రీ దుకాణం ఆమె.

ఆలోపు మామ గొర్రెను భుజాన వేసుకుని వచ్చాడు. నేను దిగి దాని కాళ్ళు పట్టుకున్నాను. ఇద్దరం పక్కపక్కన పట్టే సందు లేదు. ఊపిరాడక మామ దాన్ని నా కారు బానెట్టు మీద దించాడు.

"ఇంజను వేడిగుంది మామా!"

మామ గొర్రె కడుపు మీద చెయ్యి పెట్టి చూశాడు. అది కొట్టుకోవడం ఆగిపోయింది. గల్లీ మొదట్లో ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

"ఇగ ఆటోను పొమ్మను," అన్నాడు మామ.

"నేనేం చెయ్యాలె మామా, బండి కదలకపాయె."

"నువ్వేం జేస్తవ్. గా తాళంచెవి జేబుల వెట్టుకో."

కొద్దిరోజులకు మామ మందను మోత్కూరు దిక్కు చుట్టాల దగ్గరికి తోలేశాడు. సంగతి తెలిసి దొడ్డికి వెళ్ళాను. నాకంటే ముందే ఇద్దరు కార్ల ఓనర్లు అక్కడ అడుగులేసి కొలుస్తున్నారు. మామ గోడకానుకుని చూస్తున్నాడు. ఆయనతో ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. నా కళ్ళు మాత్రం, నా కారు ఏ మూలకు పడుతుందా అని వెతుకుతున్నాయి.