థెల్మా గొయ్యి

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో పాత బస్సు స్టాండు పడగొట్టి, కొత్త కట్టడం లేచేలోగా పురాతన వస్తువుల కోసం తవ్వకాలు మొదలుపెట్టిన రోజు నుంచీ అందరికీ టీ పెట్టేది థెల్మా గారడ్ అనే ఆవిడే. ఆవిడకు టీ పెట్టడమంటే మోజనుకునేరు, అదేం కాదు. తవ్వేవాళ్లలో ఒక ఆచారం ఉంది: నిన్న ఎవరికైతే ఏమీ దొరకలేదో, ఇవాళ కెటిల్ వాళ్లే పెట్టాలి. థెల్మాకు ఎప్పుడూ ఏమీ దొరకదు. ఊళ్లో ఎక్కడ తవ్వకం జరిగినా జీతం భత్యం లేకుండా వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, తాపీతో మట్టి గీకి, నాలుగు తుప్పు మేకులు ఏరి, మర్నాడు టీ పెడుతుంది.

అంతకుముందు ఆవిడ బతుకంతా బడి వంటింట్లోనే గడిచింది. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించడం, బఠానీలు వదిలేసేవాడి నెత్తిన నిలబడి తినిపించడం ఆవిడ పని. ఉడికించిన ప్లమ్ పళ్లూ కస్టర్డూ పెట్టిన రోజున పిల్లలు గింజల్ని పళ్లెం అంచున వరసగా పేర్చి, పెద్దయ్యాక తమకు ఎలాంటి మొగుడొస్తాడో, తామేమవుతారో లెక్క చూసుకునేవారు. లెక్క నచ్చకపోతే ఒక గింజ గుటుక్కున మింగేసేవారు. “కడుపులో చెట్టు మొలుస్తుందర్రా!” అని థెల్మా గరిటె ఝళిపించేది.

అంతమందికి అన్ని పళ్లేలు వడ్డించినా, ఇది నేను చేశాను అని చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. తిండి కదా, గంట కొట్టేసరికి మాయం. అందుకే భూమిలోంచి ఏదో ఒకటి, విరిగిన కుండపెంకైనా సరే, తన చేత్తో తీయాలని ఆవిడ పంతం. అదీ ఇప్పుడే జరగాలి. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక మట్టిలో కూర్చోవడం కుదరదని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. శుక్రవారం సాయంత్రానికి ఇక్కడికి కాంక్రీటు లారీలు వచ్చేస్తాయి.

గురువారం నాటికి పసుపు ఇసకలో, పూర్వం అక్కడ కాపురమున్న శాక్సన్ల ఇళ్ల గుంజలు కుళ్లిన నల్లమచ్చలు వరసగా తేలాయి. ఒకప్పుడు ఇదే స్టాండులో బస్సు నడిపిన క్లెమెంట్ పూలీకి ఎముక దువ్వెన దొరికింది. దాన్ని బట్టతల దగ్గర పెట్టుకుని అందరికీ చూపించాడు. థెల్మా ఉన్న మూలలో మాత్రం ఆకుపచ్చగా, జిగటగా, పూడిన గొయ్యిలా గుండ్రటి మట్టి మచ్చ బయటపడింది. ఆవిడ ఆశగా ఇంకాస్త గీకింది. క్లెమెంట్ తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు.

“దాని జోలికెళ్లకు తల్లోయ్! స్టాండులో ఆడవాళ్ల లెట్రిన్లు సరిగ్గా ఇక్కడే ఉండేవి. పైపు పగిలి కారినట్టుంది. నీ అదృష్టమే అదృష్టం!”

నిజమే. కుర్రతనంలో డాన్సుకు పోయే ముందు ఆ లెట్రిన్ల అద్దంలో చూసుకునే థెల్మా లిప్‌స్టిక్ వేసుకునేది. ఆవిడ మొహం వాడిపోయింది. గొయ్యి మీద ప్లాస్టిక్ పట్టా కప్పేసి, ఎవరికీ చెప్పకుండా చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్న ఆవిడ కెటిల్‌లో నీళ్లు పోస్తుండగా ఆ మూల నుంచి కేక వినబడింది. తవ్వకం పనులు నడిపించే బ్రిడ్జెట్ కీబుల్ ఆఖరి ఫొటోల కోసం పట్టా ఎత్తి, మట్టి రంగు తేలడానికి నీళ్లు చిలకరించి, ఏదో చూసి కేకేసిందట. థెల్మా పరుగులాంటి నడకతో వచ్చింది.

“కప్పెయ్యమ్మా, కంపు. లెట్రిన్ పైపు పగిలింది.”

“పైపేది? చూపించండి,” అంది బ్రిడ్జెట్. “ఇటు చూడండి, ఈ గొయ్యి పూడ్చాక దీని అంచు మీద పొయ్యి వేసుకున్నారు. ఆ కాలిన మట్టి చెక్కు చెదరలేదు. ఇది పొయ్యి కంటే పాతది థెల్మా గారూ. పదమూడు వందల ఏళ్ల కిందటిది!”

“మరి ఈ పచ్చ మట్టి?”

“లెట్రినే. ఆ శాక్సన్లది!”

“నేను చెప్పలా?” అన్నాడు క్లెమెంట్. “కాస్త తేదీ తేడా, అంతే.”

“దువ్వెనలు మ్యూజియం నిండా ఉన్నాయి,” అంది బ్రిడ్జెట్ అతన్ని పట్టించుకోకుండా. “వాళ్లు ఏం తిన్నారో చెప్పేది ఇదీ! లారీలు వచ్చేలోగా మొత్తం తీసెయ్యాలి.”

అందరూ తమ పని వదిలేసి థెల్మా మూలకు చేరారు. మట్టిని బకెట్లలోకి ఎత్తారు, జల్లెళ్లలో కడిగారు. మొదటి జల్లెడ బ్రిడ్జెట్ థెల్మా చేతికే ఇచ్చింది. నీళ్లకు మట్టి కరిగిపోయి అడుగున గుప్పెడు గింజలు మిగిలాయి. అన్నీ ప్లమ్ గింజలే.

“ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి?” అడిగింది థెల్మా.

“పళ్లతో పాటు మింగేశారు.”

థెల్మా గింజల్ని ఒక్కొక్కటే తీసి జల్లెడ అంచున వరసగా పేర్చింది. తిండి మాయం కాలేదన్నమాట. ఆవిడ ఆనందంతో ముక్కు చీదింది. గింజల సంచుల మీద రాయడానికి ఈ గోతిని ఏమనాలి అని ఎవరో అడిగితే, “థెల్మా గొయ్యి,” అన్నాడు క్లెమెంట్, వెటకారంగా కాదు. ఆ రోజు టీ కూడా అతనే పెట్టాడు. ఎవరూ దాన్ని నోట పెట్టలేకపోయారు.

గేటు దగ్గర మొదటి లారీ హారన్ కొడుతోంది. థెల్మా రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఖాళీ గోతిలోకి వంగింది.

“ఎన్నిసార్లు చెప్పాలర్రా మీకు, గింజలు మింగొద్దని!”