అక్క పట్టిన గొడుగు

మాటను గొడుగులా పట్టవచ్చునని అక్క చిన్ననాడే నేర్చుకున్నది. బడిలో తమ్ముడు జవాబు చెప్పడం ఆలస్యమైనా, బస్సు దిగేటప్పుడు తడబడినా, ఎవరి చెయ్యో లేచేలోగా ఆమె నోరు లేచేది: "వాడికేం తెలీదండీ, బుర్ర ఎదగలేదు." లేచిన చెయ్యి దిగేది. చూపు మాత్రం దిగేది కాదు.

ఇప్పుడు తమ్ముడికి ముప్పై రెండేళ్లు. ఇద్దరూ పనిచేసేది ఒకే బైండింగు షాపులో. ఆమె పుస్తకాలు కుడుతుంది. అతడు కుట్టబోయే అచ్చుకాగితాల మడతల వరుస సరిచూస్తాడు. ప్రతి మడత వెన్నుమీదా ఒక నల్లగీత అచ్చయి ఉంటుంది. అన్నీ వరుసగా పేర్చితే ఆ గీతలు మెట్లలా దిగుతాయి. మెట్టు తప్పిందంటే మడత తప్పినట్టే. తమ్ముడు ఆ మెట్ల వెంట బొటనవేలు దించుకుంటూ పోతాడు. అనుమానం వస్తే దొంతరమీద అరచెయ్యి ఆనించి ఆగిపోతాడు. ఎవరు లాగినా ఇవ్వడు. ఎనిమిదేళ్లుగా అతడి పద్ధతి అదే.

పదిహేను రోజుల క్రితం వచ్చిన సూపర్‌వైజరు ఒక ఉదయం లాగాడు.

"ఏంటి వీడు? అవతల మిషన్ ఖాళీగా ఉంటే దొంతర ముందు తపస్సు చేస్తున్నాడు!"

అక్క సూది వదిలేసి పరుగున వచ్చి, అలవాటైన గొడుగే విప్పింది. "వాడికేం తెలీదు సార్, బుర్ర ఎదగలేదు. నేను చూసుకుంటా."

సూపర్‌వైజరు చూపు తమ్ముడిమీద నుంచి కటింగ్ మిషన్ కత్తిమీదికి పోయింది.

"బుర్ర ఎదగనోణ్ణి కత్తి పక్కన కూర్చోబెట్టారా? ఏదైనా అయితే నా మెడకే చుట్టుకుంటుంది. రేపట్నుంచి రావద్దను."

అనేశాక దొంతర విప్పి చూశాడు. మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తీర్పుకు విచారణ లేదు, సాక్షి లేడు. ఉన్నదల్లా అక్క ఇచ్చిన వాఙ్మూలం.

మధ్యాహ్నం తమ్ముడు అన్నం డబ్బా మూత తీయలేదు.

"అక్కా, ఎదగలేదంటే... నేనేనా?"

"కాదురా."

"మరెవరు?"

జిగురు పూసే పెద్దమ్మ నవ్వింది. "ఊరు అనేలోగా నువ్వే అనేస్తే సరిపోతుందనుకున్నావు కదే. పాపం, ఆయన నీమీద గౌరవం కొద్దీ నమ్మేశాడు!"

వెనకోసారి పని లేని మూడు నెలలూ తమ్ముడు కిటికీ చువ్వల మీద బొటనవేలు దించుకుంటూ పగళ్లు గడిపాడు. అది అక్కకు గుర్తొచ్చింది. మాట వెనక్కు తీసుకుంటే అబద్ధాలకోరని తననూ పంపేయవచ్చు. తీసుకోకపోతే, మళ్లీ ఆ చువ్వలే.

లేచి సూపర్‌వైజరు గదిలోకి వెళ్లింది.

"పొద్దున నేను చెప్పింది తప్పు సార్."

"తప్పా, అబద్ధమా?"

"భయం సార్. మా తమ్ముడు నెమ్మదిగా నేర్చుకుంటాడు. నేర్చుకున్నది వదలడు. కత్తి ముందు దాటకూడదని గీసిన పసుపుగీత ఎనిమిదేళ్లలో ఒక్కసారీ దాటలేదు. ఇవాళ మీరే రెండుసార్లు దాటారు."

"మరి దొంతర విషయంలో పొరపడలేదూ?"

"పడ్డాడు. పోయిన వారం మీరు నలభై అట్టలు వంకరగా కోయించారు. మీ బుర్ర ఎంత ఎదిగిందని ఎవరూ అడగలేదు కదా సార్."

అనేశాక గాని తానేమన్నదీ ఆమెకు తెలియలేదు. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

"రేపు రమ్మను. ఒక్కరోజు చూస్తా."

మర్నాడు పదిన్నరకు తమ్ముడి అరచెయ్యి మళ్లీ దొంతరమీద ఆగింది. మిషన్ ఆగింది. సూపర్‌వైజరు బూట్ల చప్పుడు దగ్గరైంది. పాత మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. దారాన్ని పళ్ల మధ్య బిగబట్టింది.

ఆయన ఆమెవైపు చూడలేదు.

"ఏమైందయ్యా?" అని తమ్ముణ్ణే అడిగాడు.

"చూస్తున్నా. ఆగండి."

సూపర్‌వైజరు గోడ గడియారం చూశాడు. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడతాడో అక్కకు తెలియదు. సూది గాలిలోనే ఉంది. తమ్ముడి బొటనవేలు మాత్రం తొందరపడకుండా ఒక్కో మెట్టే దిగుతున్నది.