కోరుట్ల నుంచి జగిత్యాలకు, ఒక్క ప్రశ్న అడగడానికి

రెండేళ్ల క్రితం క్యాన్సర్ వల్ల నా ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటి నుంచి రవికలో మెత్తని బట్ట మడిచి పెట్టుకుంటున్నాను. నిరుడు బతుకమ్మ ఆడుతూ చప్పట్లకు వంగితే అది జారి అందరి ముందూ కింద పడింది. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. ఇక ఆటకు పోలేదు. ఇంప్లాంట్ పెట్టించుకుందామన్న ఆలోచన అలా మొదలైంది.

జగిత్యాలలో ఒక ఆసుపత్రికి నెలకోసారి ప్లాస్టిక్ సర్జన్ వస్తారని తెలిసి, పొద్దున ఎనిమిదింటికి కోరుట్లలో బస్సెక్కాను. దాదాపు గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. వెనక్కి పోతుంటే కండక్టరమ్మ ఆపింది. నేను సంచిని ఎడమవైపు అదిమి పట్టుకోవడం చూసినట్టుంది. "అక్కా, ఎనుకకు పోకు, కుదుపుతది. గీడ ముందల కూసో," అంది. ఏమైందని మాత్రం అడగలేదు.

డాక్టర్ ఫీజు ఐదు వందలు. చీర కడితే తెలుస్తుందా అని మా అత్తమ్మ అడగమన్న ప్రశ్నే ముందు అడిగాను. బయటికి తెలియదన్నారు. తర్వాత నా ప్రశ్న.

"వంగి చప్పట్లు కొడితే జారుతదా, మేడం?"

ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. "జారి పడేది కాదమ్మా. మీకు అక్కడ చర్మం పలచగా ఉంది కాబట్టి కండరం కింద పెడతాం. చేతులు గట్టిగా బిగిస్తే కొంచెం కదిలినట్టు కనిపించొచ్చు. రెండూ అచ్చం ఒకేలా ఉండవు. కొన్నేళ్లకు మార్చాల్సి కూడా రావొచ్చు."

"ముట్టుకుంటే తెలుస్తదా?"

"స్పర్శ మునుపటిలా రాదు. ఆ ఆశతో మాత్రం చేయించుకోకండి."

నేను ఆ ఆశతోనే వెళ్లాను.

ఇంటికి పోబుద్ధి కాలేదు. వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో అక్క ఇంటికి చేరేసరికి నాలుగైంది. మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టే పని ముగించుకుని అక్క అప్పుడే వచ్చింది.

"ఏమన్నదే డాక్టరు?"

"వంగి ఆడొచ్చట అక్కా. ముట్టుకుంటే మాత్రం తెల్వదట."

అక్క నన్ను పట్టుకుని ఎడమవైపు తల ఆనించింది. చాలాసేపటికి వదిలింది. చూస్తే అక్కడ రవికంతా తడిసిపోయి ఉంది. ఏడ్చిందని నాకు తెలియనే లేదు.

ఆపరేషన్ చేయించుకుంటాను. పోయింది తిరిగొస్తుందని కాదు, ఎద మీద చేయి అడ్డం పెట్టుకోకుండా నలుగురిలో ఆడాలని. ఏది వస్తుందో ఏది రాదో తెలిసే ఒప్పుకుంటున్నాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే వెంట ఒకరిని తీసుకెళ్లండి. ఆ జవాబు విన్నాక సిరిసిల్ల దాకా బస్సులో ఒక్కదాన్నే కూర్చోవడం నాకు చాలా కష్టమైంది.